డిఫరెన్షియల్‌లో నీళ్లు

“బండిని నదిలో దింపావా లేదా? ఒక్క ముక్కలో చెప్పు.”

“దింపలేదన్నయ్యా.”

“అన్నయ్యా గిన్నయ్యా అంతా ఇంటి దగ్గర. ఇక్కడ నేను మెకానిక్‌ని, నువ్వు డ్రైవర్‌వి.”

షెడ్డులో ఉన్న ఆరుగురూ పని ఆపి చుట్టూ మూగారు. మెకానిక్‌కి కావలసిందీ అదే. డ్రైవర్ అతనికి స్వయానా తోడల్లుడు. కొండదారుల్లో తిరిగే ఈ జీపుల షెడ్డుకి వచ్చే నెల నుంచి డ్రైవరే సూపర్‌వైజరని శనివారం ఓనరు మేడమ్ చెప్పేసింది. చిన్నల్లుడి ముందు పెద్దల్లుడు చేతులు కట్టుకుని నిలబడాలి. ఇక అత్తగారింట్లో తలెత్తుకునేదెలా?

మేడమ్ ఆఫీసు గదిలోంచి వచ్చి గొడవేమిటని అడిగింది. వెనక చక్రాల మధ్య నుంచి మూలుగు వస్తోందనీ, అక్కడి గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, విప్పితే దొంగ దొరుకుతాడనీ చెప్పి మెకానిక్ జీపు కింద వెల్లకిలా దూరాడు.

ముందు పై బోల్టు విప్పాడు. కొత్త ఆయిల్ పోసే దారి తెరుచుకుంటుందని తేలాకే పాతది తియ్యాలి. లేకపోతే బండి ఖాళీ కడుపుతో అక్కడే కూలబడుతుంది. తర్వాత ట్రే పెట్టి కింది బోల్టు తిప్పాడు.

తేనె రంగులో దిగాల్సిన గేర్ ఆయిల్, పాలు ఎక్కువైన కాఫీలా నురగలు కక్కుతూ దిగింది.

మెకానిక్ ట్రేని మేడమ్ కాళ్ల దగ్గరికి జరిపి పాఠం మొదలుపెట్టాడు. పరుగెత్తి వేడెక్కిన ఇరుసుని ఒక్కసారిగా చన్నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుంటుంది, సందుల్లోంచి నీళ్లని పీల్చుకుంటుంది. ఇలాగే ఇంకో యాభై కిలోమీటర్లు తిప్పితే లోపలి గేర్లకి ఒక్క పన్ను మిగలదు. నోరు లేని బండి కాబట్టి మూలిగి ఊరుకుందన్నాడు.

బండి ఒంటిమీద బురద చుక్క ఎక్కడైనా ఉందేమో చూడండని డ్రైవర్ అందరికీ చూపించబోయాడు.

“ఒళ్లు కడిగావులే. కడుపులోది ఎలా కడుగుతావు?”

అందరూ నవ్వారు. డ్రైవర్ మొహం మాడిపోయింది.

ఆ నీళ్లు నదివి కావు. పొద్దున్నే, ఎవరూ రాకముందు, అదే పై బోల్టు విప్పి మెకానిక్ పోసిన లీటరు కుళాయి నీళ్లు. బాగా కలవాలని షెడ్డు వెనక ఖాళీ స్థలంలో జీపుని ఇరవై చుట్లు తిప్పి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు కూడా.

ఇది ఎప్పుడు జరిగి ఉంటుందని మేడమ్ అడిగింది.

“నిన్ననే. శనివారం సాయంత్రం ఈ చేతుల్తోనే కొత్త ఆయిల్ పోశాను మేడమ్. ఆదివారం బండి ఎవరింటి ముందు ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు.”

డ్రైవర్ నోరు తెరవబోతే మేడమ్ చెయ్యెత్తి ఆపింది. ఆమె ప్రశ్నలన్నీ మెకానిక్‌నే అడిగింది. వాన నీళ్లు కావా? కావు. కడిగినప్పుడు చేరినవి? కావు. నదేనని ఎవరి ముందైనా చెప్పగలవా?

“నా పిల్లల మీద ఒట్టు. ఈ బండి నిన్న సీటు లోతు నీళ్లలో నది దాటింది. కాదని తేలితే నా పానాలు, రెంచీలు మీ కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోతాను.”

రాసిమ్మంది. సర్వీసు కార్డు వెనక రాసి, సంతకం చేసి ఇచ్చాడు.

మేడమ్ ఆ కార్డు పట్టుకుని గది వైపు తిరిగి పిలిచింది. లోపలి నుంచి ఇన్‌స్పెక్టర్, వెనకే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు.

నిన్న మధ్యాహ్నం రేవు దగ్గర కాపలా మనిషిని ఓ జీపు గుద్ది చంపింది. ఆగకుండా నదిలో దిగి అవతలి గట్టెక్కి పారిపోయింది. పొద్దుట్నుంచీ పోలీసులు ఊళ్లో ప్రతి జీపునీ చూస్తున్నారు. మా బండ్లేవీ నీళ్లలో దిగలేదని మేడమ్ అంతకుముందే వాళ్లతో చెప్పిందట.

తోడల్లుడి పదవి పోతే చాలనుకున్నాడు గానీ మెకానిక్ ఇంత కోరుకోలేదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేక డ్రైవర్ వైపు చూశాడు.

“అతన్ని చూడకు,” అంది మేడమ్. “శనివారం రాత్రి మా అమ్మకి సీరియస్ అంటే నా కారులో నన్ను తీసుకెళ్లాడు. ఇద్దరం ఇందాకే ఊళ్లో దిగాం. జీపుని ఈ షెడ్డు ముందే వదిలి వెళ్లాం. దానికి తాళం చెవులు రెండే. ఒకటి అతని జేబులో మాతోనే ఊరు దాటింది.”

పొద్దున షెడ్డు ముందు బండిని చూసి, డ్రైవర్ రాత్రే తెచ్చి పెట్టాడనుకున్నాడు మెకానిక్. అందరి చూపులూ అతని నడుముకి వేలాడుతున్న గుత్తి మీద పడ్డాయి. నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఇంట్లో, ఒక్కడే. పెళ్లాం పిల్లలు పుట్టింటికి వెళ్లారు. ఒక కానిస్టేబుల్ వంగి జీపు ముందున్న ఇనుప గార్డు చూస్తున్నాడు. కొండల్లో తిరిగే బండికి సొట్టలకేం కొదవ?

“సార్, ఆ నీళ్లు నేనే పోశాను. కుళాయి నీళ్లు. ఇతన్ని ఇరికిద్దామని,” అన్నాడు మెకానిక్.

ఇన్‌స్పెక్టర్ కార్డు వెనక రాతని ఇంకోసారి చదివి డ్రైవర్ వైపు తిరిగాడు. బండ్ల సంగతి తెలిసినవాడివి, నీ తోడల్లుడి సంగతీ తెలిసినవాడివి, ఇందులో ఏది నమ్మమంటావని అడిగాడు.

డ్రైవర్ ట్రేలోని ఆయిల్‌లో వేలు ముంచి చూశాడు.

“ఇన్నేళ్లుగా చూస్తున్నాను సార్. బండి విషయంలో మా అన్నయ్య మొదట చెప్పిన మాట ఎప్పుడూ తప్పలేదు.”