రెండో పాట

ఫిన్లండ్‌లోని తంపెరే ఊరి నుంచి వచ్చిన జాజ్-రాక్ కుర్రాళ్లు తమ మొదటి రికార్డులోని పాట ఎత్తుకుని ఇరవై నిమిషాలయింది. సరస్సు ఒడ్డు డాన్సు మండపంలో టౌనో, ఇర్యా తప్ప అందరూ విసిగి కూర్చున్నారు.

"ఇదింకా మొదటి పాటేనా?" అంది ఇర్యా.

"మొదటిదే. టాంగో అయితే మూడు నిమిషాల్లో అయిపోయేది."

ఒకసారి డాన్సుకి పిలిచాక వరసగా రెండు పాటలకి కలిసి ఆడటం అక్కడి మర్యాద. ఆమె ఇరుక్కుపోయిందని టౌనోకి చెడ్డ సిగ్గేసింది.

"కాళ్లు నొప్పెడితే కూర్చోండి. నేనేమీ అనుకోను."

"మూడేళ్లుగా ప్రతి శనివారం పిలుస్తున్నారు. ఆరు నిమిషాలాడి, నోరు మెదపకుండా బెంచీ దగ్గర దిగబెట్టి పోతారు. ఇవాళే కదా ఇన్ని మాటలు!"

సాక్సఫోన్ ఆగింది. టౌనో ఆమె చెయ్యి వదిలేశాడు.

ఇర్యా కదల్లేదు. "రెండోది ఇంతకన్నా పెద్దది. మీరు రాకముందే వాళ్లనడిగి తెలుసుకున్నాను."