పొమ్మన్న చేను

“చెప్పులు బయట వదిలి రా” అంది సుబ్బరావమ్మ. ప్రేమదాసు అప్పటికే వదిలాడు.

బ్రాడీపేటలోని ఆ ఇంటికి అతను ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి రాడు. ఊళ్లో ఆమెకు పుట్టింటివాళ్లిచ్చిన మూడెకరాల నల్లరేగడిని చాలా ఏళ్లుగా అతనే కౌలుకు చేస్తున్నాడు. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. కాగితం లేదు, అంతా నోటిమాటే. కిందటేడు మిరపకు నల్ల తామరపురుగు పట్టినప్పుడు వచ్చి కౌలు తగ్గించమని బతిమాలాడు. ఈ వేసవిలో కల్లాలు ఎత్తేశాక మళ్లీ వచ్చి నిలబడేసరికి, దేనికొచ్చాడో వేరే అడగనక్కర్లేదనుకుంది ఆమె.

“ఒక్క మాటమ్మా…” అన్నాడు ప్రేమదాసు.

సుబ్బరావమ్మ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఎదుటివాళ్ల వాక్యం పూర్తికాకుండానే జవాబు చెప్పడం ఆమెకు బడిలో పడ్డ అలవాటు.

“ముందు నా మాట విను. ఈ ఏటి నుంచి చేను నీకివ్వను. మొహిద్దీన్ బాషా మిరప నారు పెంచుతాడట, ఇస్తానన్నాను. రేపట్నుంచి నువ్వు చేలో అడుగు పెట్టొద్దు.”

“అంత మాట అంటే ఎట్లాగమ్మా?”

“చేను నాది. పొమ్మంటే పోవడమే.”

ప్రేమదాసు వెనక్కి తిరిగాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. పని ఇంత తేలిగ్గా అయిపోయినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. లోపలికెళ్లి కాఫీ కలుపుకుంది.

వారం తిరక్కుండా మొహిద్దీన్ బాషా ఫోన్ చేశాడు. నారు మీద నీడకు నెట్టు కట్టడానికి గుంజలు తీసుకెళ్తే చేలో ప్రేమదాసు ట్రాక్టరు పెట్టి దున్నిస్తున్నాడట. సుబ్బరావమ్మ బస్సెక్కి ఊరికి వెళ్లింది. ఎవరితోనూ మాట్లాడకుండా మోటారు గదికి తాళం వేసింది. ప్రేమదాసు గట్టు మీద నిలబడి చూశాడు గానీ అడ్డం రాలేదు. పీడ వదిలిందనుకుని తిరిగొచ్చింది.

పదిరోజులకు కోర్టు నుంచి నోటీసు వచ్చింది. ప్రేమదాసు వేసిన కేసు తేలేదాకా అతని సాగుకు ఎవరూ అడ్డు రాకూడదనీ, మోటారు గది తాళం తీసెయ్యాలనీ ఉంది అందులో.

ఆమె ఆ కాగితం పట్టుకుని వీధి చివర ఉండే లాయరు మాధురి దగ్గరికి వెళ్లింది. కౌలుదారుణ్ని యజమాని తనంతట తాను వెళ్లగొట్టడానికి వీల్లేదని మాధురి ఓపిగ్గా చెప్పింది. కోర్టులో దరఖాస్తు పెట్టాలి. చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి. అతను చెప్పుకునేది కోర్టు వినాలి.

“రాతకోతలేం లేవు కదమ్మా?” అంది సుబ్బరావమ్మ.

“నోటి కౌలైనా కౌలేనండి. ఇంతకీ ఆయనేమన్నాడు?”

“ఎవరు?”

“ప్రేమదాసు. మీరు చెప్పినప్పుడు.”

“వాడనేదేముంది?” అంది సుబ్బరావమ్మ.

వాయిదాలు మొదలయ్యాయి. కోర్టు మెట్లు ఎక్కేటప్పుడు ప్రేమదాసు కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ వచ్చేవాడు. జడ్జిగారికి జాలి కలగడానికి వేస్తున్న వేషమనుకుంది సుబ్బరావమ్మ. వరండాలో ఆమె కనబడితే మాత్రం లేచి బెంచీ మీద చోటిచ్చేవాడు. ఆమె కూర్చునేది కాదు. ఇద్దరూ నిలబడే ఉండేవాళ్లు.

అతను కౌలుదారు కాదు, కూలీ అని చెబితే కేసు నిలబడదని దూరపు బంధువు ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. అబద్ధమాడిన పిల్లల చేత సర్వీసంతా గోడకుర్చీ వేయించిన మనిషి. బోనెక్కాక, చేను ఎవరు చేస్తున్నారని అడిగితే “ప్రేమదాసే” అంది. ఎప్పట్నుంచని అడిగితే అదీ చెప్పింది. మాధురి తల వంచుకుని పెన్ను మూత పెట్టేసింది.

ఈలోగా నారు పోసే అదను దాటిపోతోందని మొహిద్దీన్ బాషా పక్క ఊళ్లో వేరే చేను చూసుకున్నాడు. ప్రేమదాసు మిరప వేశాడు. కాపు బాగుందని ఊళ్లోవాళ్లు ఫోన్లు చేసి మరీ చెప్పారు. కోతలవుతుండగా తీర్పు వచ్చింది. పద్ధతి ప్రకారం తప్ప ప్రేమదాసును ఆ చేనులోంచి కదిలించకూడదంది కోర్టు.

చేను పోయిందని కాదు ఆమె బాధ. తన ఎదుట కూర్చోవడానికి కూడా జంకే మనిషి, ఆ చేను కోసం తనను ఏడాది పాటు కోర్టు వరండాలో నిలబెట్టాడు. బంధువుల పెళ్లికి వెళ్లినా అదే మాట అడుగుతారని వెళ్లడం మానేసింది.

కల్లాలు ఎత్తేశాక ఒక ఉదయం ప్రేమదాసు వచ్చాడు. గెలిచిన ధీమాతో కౌలు తగ్గించమంటాడని ఆమె అనుకుంది. జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఎందుకో ఈసారి ముందుగా నోరు తెరవలేదు.

“చేను అప్పజెబుదామని వచ్చానమ్మా” అన్నాడు. “మిరప కట్టె పీకించి, దున్నించి పెట్టాను. ఇదిగో మోటారు గది తాళంచెవి.”

సుబ్బరావమ్మ అతని వంకే చూసింది. “గెలిచావుగా. ఇప్పుడెందుకు వదలడం?”

“మోకాళ్లు పోయాయండి. చేలో వంగలేకపోతున్నా. మా అమ్మాయి ఎలీసమ్మ వాళ్లు చీరాల్లో టిఫిన్ బండి పెట్టుకున్నారు, వచ్చేయమంటున్నారు.”

“మరి ఏడాదిగా నన్ను కోర్టుకెందుకు తిప్పావు?”

“మీరు పొమ్మన్నారు కదమ్మా.”

“నేను ఆ మాట అనకపోతే?”

ప్రేమదాసు, ఆమె మాట ఇంకా ఏమైనా మిగిలుందేమో అన్నట్టు చూశాడు.

“ఆవేళ చేను వదిలేస్తానని చెప్పటానికే వచ్చానండి.”