మూడు గొంతుల పాట

మొదటి ‘ఉయ్యాలో’ దగ్గర మాత్రమే మూడు గొంతులూ కలిశాయి. ఆ తర్వాత సన్నగొంతు ముందుకు ఉరికింది. బొంగురు గొంతు ఈడ్చుకుంటూ వెనకబడింది. మధ్యలోది రెంటికీ అందక ఒంటరిగా పాడుతూ పోయింది.

స్టూడియో కంప్యూటర్‌లో ముకర్రం పాట ఆపాడు.

“ఎట్ల రికార్డు చేసిండ్రు చెల్లె?”

ఎదురుగా కుర్చీలో కూర్చున్న కోమల స్పీకర్ వైపే చూస్తోంది. ముకర్రం మళ్లీ అడిగితే ఉలిక్కిపడింది.

“ఒక్కరిది ఇయర్‌ఫోన్ల వినుకుంట ఇంకొకరు పాడినం అన్నా. రెండు ఫోన్లు, ఒక పాత రికార్డర్. నా ఫోన్ల ఇంటే మూడూ ఒక్కతీరుగనే ఉండె.”

కోమల ఉండేది నస్పూర్‌లో, బొగ్గుగని పాత క్వార్టర్లలో. గని మూతపడ్డాక ఆ వరుసలో ముగ్గురే ఆడవాళ్లు మిగిలారని వచ్చీరాగానే చెప్పింది. సద్దుల బతుకమ్మ నాటికి మిగతా ఇద్దరూ పుట్టిళ్లకు పోతున్నారట. అందుకని ముందే పాడించి తెచ్చింది.

“మా అత్తకు చూపు పోయి రెండేండ్లాయె. మంచం దిగదు. కిటికీలకెళ్లి బతుకమ్మ పాట వింటది. వాడకట్టోళ్లు రాలేరా అని మళ్లమళ్ల అడుగుతది. కిటికీ బయట స్పీకర్ పెట్టి ఇనిపిస్త.”

ముకర్రం ఫైళ్ల వివరాలు తెరిచి చూశాడు. జబ్బు అక్కడే దొరికింది.

“ఫికర్ చెయ్యకు. గొంతును సెకనుకు ఇన్నిసార్లని కొలిచి రాసుకుంటది మిషన్. దాన్నే శాంపిల్ రేట్ అంటరు. నీ ఫైళ్లల్ల ఒకటి నలభై నాలుగు వేల చిల్లర, ఒకటి నలభై ఎనిమిది వేలు, రికార్డర్‌ది ముప్పై రెండు వేలు. నా సాఫ్ట్‌వేర్ పాతది. అన్నిటినీ నలభై నాలుగు లెక్కనే చదువుతది. గందుకే తక్కువది ఉరుకుతది, ఎక్కువది పాకుతది.”

“గొంతులు గూడ మారుతయా?”

“మారుతయి. ఉరికేది సన్నగైతది, పాకేది బొంగురైతది. గీ సన్నగొంతు ఎవరిది?”

కోమల స్పీకర్ మీంచి చూపు తిప్పుకుంది. “హర్షిణిది. మా పక్క క్వార్టర్. చిన్నపిల్ల.”

“బొంగురుది?”

“పద్మలత వదినెది. జర దగ్గు ఉంటది ఆమెకు.”

“రేపు జుమ్మా నమాజ్ అయినంక కూసుంట. రేట్లు సరిచేస్తే ఎవరి గొంతు వాళ్లకొస్తది. సోమవారం పొద్దుగాల రా.”

కోమల లేచి గడప దాకా వెళ్లి ఆగిపోయింది. “అన్నా, గొంతులు ముట్టకుండ్రి. గిట్లనే ఉండనియ్యిండ్రి. పాట ఒక్కటి కలిస్తే సాలు.”

“రెండూ ఒక్కటే చెల్లె. వేగం సరిచేస్తే గొంతూ మారుతది.”

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

మంచిర్యాల స్టేషన్ రోడ్డులో మేడమీది ఆ ఒక్క గదే ముకర్రం స్టూడియో. పెళ్లి పాటలు, ఆటోల్లో తిప్పే ప్రకటనలు అక్కడే తయారవుతాయి. భార్య అజీజా పోయాక ఇంటికి నిద్రకు మాత్రమే వెళ్తున్నాడు. పొద్దంతా మనుషుల గొంతుల మధ్యే ఉంటాడు. మాట్లాడే మనిషి మాత్రం లేడు.

శుక్రవారం మసీదు నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మూడు ఫైళ్ల రేట్లు సరిచేసి వేరుగా దాచుకున్నాడు. పది నిమిషాల పని. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కొక్కటే విన్నాడు. తర్వాత మూడూ కలిపి విన్నాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టాడు. గడప దగ్గర కోమల అన్న మాట గుర్తొచ్చింది.

ఆ తర్వాత కోమల తెచ్చిన పాత ఫైళ్లను మళ్లీ తెరిచాడు. రేట్లను ముట్టుకోలేదు. గొంతు కదలకుండా వేగం ఒక్కటే సాగదీయడం, కుదించడం మొదలుపెట్టాడు. ఒక్కో చరణాన్నీ ముక్కలు చేసి, ఒక్కో మాటనూ జరిపి అతికించాడు. పది నిమిషాల్లో అయిపోయిన పని ఆదివారం సాయంత్రం దాకా పట్టింది. బొంగురు గొంతు చరణం ఆఖర్న చిన్న దగ్గు కూడా పెట్టాడు, అది తన సొంత దగ్గే, కాస్త మార్చి. శ్రుతి పూర్తిగా కుదరలేదు. నలుగురు ఆడవాళ్లు కూడి పాడినప్పుడు అది ఎన్నడు కుదిరింది కనుక అనుకున్నాడు.

సోమవారం పొద్దున కోమల వచ్చింది. ముకర్రం పాట పెట్టాడు. సన్నగొంతు, బొంగురు గొంతు, మధ్య గొంతు మూడూ కలిసి మొదలై, కలిసే ముగిశాయి. దగ్గు వినపడ్డ చోట కోమల తల ఎత్తి ముకర్రం వైపు చూసింది. అతను కంప్యూటర్ వైపు తిరిగి ఉన్నాడు.

“గొంతులు సరిచేస్తనంటిరి గద అన్నా?”

“సరిచేస్తే పాట చెడిపోయింది చెల్లె. గందుకే ముట్టలే.”

కోమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెన్‌డ్రైవ్ తీసుకుని లేచింది.

“హర్షిణి మంచిగ పాడిందని చెప్పు. పద్మలతను దగ్గుకు దవాఖానల చూపించుకొమ్మను.”

“చెప్త అన్నా,” అంది. మెట్లమీద ఆమె అడుగులు చాలా నెమ్మదిగా దిగిపోయాయి.

ముకర్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, శుక్రవారం సరిచేసి దాచిన మూడు ఫైళ్లనూ ఒక్కొక్కటే తుడిచేశాడు.

అసలు వేగంలో విన్నప్పుడు, ఆ మూడింటిలోనూ పాడింది కోమల ఒక్కతే.