జల్ది సర్వీస్

ఫోన్ పెట్టేసిన మరుక్షణమే ప్రశాంత్ బండి మీద ఉన్నాడు.

గోదావరిఖని చౌరస్తాలో అతని దుకాణం పేరు ‘జల్ది సర్వీస్’. బోర్డు మీద ఆ పేరు కన్నా కింద రాయించుకున్న మాటలే పెద్దవి: ‘మీ వ్యాపారం ఆగదు. మేం ఆగనివ్వం.’ కిరాణా కొట్టులో బిల్లు మిషన్ మొండికేసినా, బడిలో ప్రింటర్ కాగితాలు మింగినా, ల్యాబులో కంప్యూటర్ పడకేసినా అతను వాలిపోతాడు. పని తక్కువ, ఉపన్యాసం ఎక్కువ అని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళు కూడా అదే అంటారు.

అతనికో నియమం ఉంది. ఎవరు ఏం వ్యాపారం చేస్తున్నారో అడగడు. “కరెంటాయన వచ్చి మీటరు చూస్తడు గని, ఇంట్ల ఏం కూర వండిన్రని అడుగుతడా?” అంటాడు.

ఆ రోజు పిలిచింది బసంత్‌నగర్ రోడ్డులో, సిమెంటు గోదాము పైన కొత్తగా తెరిచిన ఆఫీసు. బోర్డు ఇంకా కట్టలేదు. మేనేజరు కిషన్ మెట్ల దగ్గరికే ఎదురొచ్చాడు.

“జల్ది చూడు తమ్మీ. నెట్టు పోయింది. పొద్దుగాల సంది ఒక్క ఫోను పోతలేదు.”

“ఫికర్ చెయ్యకన్నా. నేనొచ్చిన గద.”

“మాది తల్లిదండ్రులతోని పని,” అడగకుండానే చెప్పాడు కిషన్. “పిల్లల సంగతి మాట్లాడుతం. పిల్లలు కాలేజీల ఉన్నప్పుడే ఫోన్ చెయ్యాలె. వాళ్ళు ఇంటికొచ్చిన్రంటే మా మాట ఎవ్వలు వినరు.”

“కౌన్సెలింగన్నట్టు!” అన్నాడు ప్రశాంత్, తన తెలివికి తానే మురిసిపోతూ.

హాల్లో బల్లల ముందు కుర్రాళ్ళూ అమ్మాయిలూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఖాళీగా కూర్చున్నారు. మూలన ఓ అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

కిషన్ ఆమె దగ్గరికి వెళ్ళాడు. “ఊకో బిడ్డా. ఇప్పుడే ఏడిస్తే గొంతు పోతది. లైను రానియ్.”

ఆమె టక్కున ఆపి మంచినీళ్ళు తాగింది.

ప్రశాంత్ మనసు కరిగిపోయింది. పని ఆగితే పండగ చేసుకునే ఈ రోజుల్లో, పని ఆగిందని ఏడ్చే ఉద్యోగి! ఇలాంటి ఆఫీసును నిలబెట్టకపోతే తన బోర్డుకు అర్థమేముంది?

బల్ల కిందికి దూరాడు. రోగం చిన్నదే. ఊడ్చేటప్పుడు ఊడిపోయిన వైరును ఎవరో పుణ్యాత్ములు తీసుకొచ్చి, రెండు కొసలూ ఒకే డబ్బాలో గుచ్చారు. దాంతో నెట్టంతా తనలో తానే గిరగిరా తిరిగి కళ్ళు తేలేసింది. ఒక కొస పీకితే చాలు. పీకాడు. కానీ వెంటనే బయటికి రాలేదు. అంత సులువుగా అయిపోతే విలువేముంటుంది? ఇంకాసేపు అక్కడే ఉండి, రెండుసార్లు నిట్టూర్చి, దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

“పెద్ద గండమే తప్పిందన్నా.”

హాలంతా చప్పట్లు కొట్టింది. ప్రశాంత్ గొంతు సవరించుకున్నాడు.

“చూడున్రి. మెషినన్నంక ఆగుతది. ఆగినంక ఎంత జల్ది లేసినమన్నదే అసలు సంగతి. ఇంకో కంపెనీ నెట్టు కూడ పెట్టుకోవాలె. ఒకటి పోతే ఇంకోటి అందుకోవాలె. బ్యాటరీ ఉండాలె. నంబర్లన్నీ వేరే జాగల ఇంకో కాపీ దాచుకోవాలె. మీసొంటోళ్ళ పని ఒక్క పూట ఆగితే ఎన్ని ఇండ్లకు నష్టం!”

“మస్తు మంచిగ చెప్పినవ్. అన్నీ నువ్వే పెట్టు,” అన్నాడు కిషన్ గోడ గడియారం వైపు చూస్తూ. “ఇగ పో తమ్మీ. కాలేజీలు విడిచే యాళ్ళయితుంది.”

ప్రశాంత్ పోతే కదా! “టెస్టు కాల్ చెయ్యకుంట జల్ది సర్వీస్ గడప దాటదు.”

“అది మేం చేసుకుంటం తియ్.”

“నా కండ్ల ముందట కావాలె.”

అంటూనే, ఈ మధ్యే చేరిన సహస్ర బల్ల దగ్గరికి వెళ్ళి తనే ఒక నంబరు నొక్కాడు. నలుగురికీ వినబడాలని స్పీకరు కూడా పెట్టాడు.

“మా అమ్మది. నాయిన బొగ్గుబాయిల దిగిండంటే, మళ్ళ పైకొచ్చేదాక ఫోను చేతుల్నే పట్టుకొని కూసుంటది. మొదటి రింగుకే ఎత్తుతది చూడున్రి.”

“హలో అంటే సాలునా సార్?” అడిగింది సహస్ర.

“గదేం టెస్టమ్మా! రోజూ ఎట్ల మాట్లాడుతరో గట్లనే, ఒక్క పొల్లు పోకుంట మాట్లాడాలె. అప్పుడే లైను సత్తా తెలుస్తది.”

హాలు అవతలి కొస నుంచి కిషన్ వద్దు వద్దంటూ రెండు చేతులూ ఊపుకుంటూ వస్తున్నాడు. మనిషికి ఎంత మొహమాటమో అనుకున్నాడు ప్రశాంత్.

సహస్ర చూపు తెర మీదే ఉంది. “మీ పేరేంది సార్?”

“ప్రశాంత్. ఎందుకు?”

ఆమె కాల్ బటన్ నొక్కింది. మొదటి రింగుకే అవతల ఫోన్ ఎత్తారు.

“హలో... ఎవలు?” అంది అమ్మ, ఆదరాబాదరాగా.

సహస్ర నిటారుగా కూర్చుని, గొంతు కరకుగా మార్చి అందుకుంది: “పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం, నీ కొడుకు ప్రశాంత్ గంజాయితో దొరికాడు, కేసు కావద్దంటే ఫోన్ కట్ చేయకుండా, ఎవరికీ చెప్పకుండా, ఇప్పుడే డబ్బులు పంపు!”