మూడు గిన్నెల క్యారేజీ

“ఆ రోజు పొద్దున వాణ్ణి ఏమన్నావో చెప్పు,” అంది సుజన, సారా గౌన్లు సంచిలో కుక్కుతూ.

నీరజకు ఈ ప్రశ్న కొత్త కాదు. ప్రతాప్ పోయి నలభై రోజులైంది. పోలీసులడిగారు, సంఘ పెద్దలడిగారు, పక్కింటి శోభారాణి ఓదార్చే వంకతో అడిగింది. ఇప్పుడు ఆడపడుచు రేపల్లె నుంచి పనిగట్టుకుని వచ్చి మరీ అడుగుతోంది. సాయంత్రం జ్ఞాపకార్థ కూటం అవగానే ఏడేళ్ల సారాను తనతో తీసుకెళ్లిపోతుందట. మొగుణ్ణి చావుకు తోసినదాని దగ్గర తమ్ముడి బిడ్డను ఉంచదట.

“చెప్పాను కదా వదినా. ‘మీ నాన్నా, ఆయన విజిలూ కావాలో, మేం కావాలో తేల్చుకో’ అన్నాను. అంతే.”

“ఆ మాటకే వాడు పోయి రైలుకెదురు నిలబడ్డాడు.”

“లేదు వదినా. చావాలనుకున్న మనిషి క్యారేజీ కోసం వెనక్కొస్తాడా? కోపంతో వదిలేసి వెళ్తే అరుగు మీద పెట్టాను. స్నానం చేసొచ్చేసరికి లేదు. ఆయనే వచ్చి తీసుకెళ్లాడు.”

“మరేదీ ఆ క్యారేజీ? పట్టాల పక్కన లేదు, పోలీసుల దగ్గరా లేదు. కాళ్లొచ్చి నడిచిపోయిందా? రైలు డ్రైవరు రాసిచ్చింది నువ్వూ విన్నావుగా. పట్టాలు దాటుతున్న మనిషి మధ్యలో ఆగి, నిటారుగా నిలబడిపోయాడంట. హారన్ కొట్టినా కదల్లేదంట. ఒక్క అడుగేసుంటే బతికేవాడంట. రోజూ బాపట్ల బండికి ఆ దారినే పోయేవాడికి రైలొస్తే తప్పుకోవాలని తెలీదా?”

ఆ ఒక్క అడుగు గురించే నీరజ నలభై రాత్రులు కన్నీళ్లు పెట్టుకుంది.

వసారాలో మామగారు జ్ఞానానందం కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. మిలిటరీలో ఇరవై రెండేళ్లు కుర్రాళ్లకు కవాతు నేర్పిన ఉస్తాదు. పెన్షన్ తీసుకుని తెనాలి వచ్చేశాడు గానీ, పరేడ్ మైదానాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు మహానుభావుడు. తెల్లారి ఐదింటికి విజిలు. దుప్పటి నాలుగు అంచులూ కలవాలి. చెప్పులు వరస తప్పకూడదు. ‘సావధాన్’ అంటే కూర్చున్నవాళ్లు లేవాలి, ‘థమ్’ అంటే నడిచేవాళ్లు ఆగాలి. కోడలు ఆరేసిన చీరలకు కూడా వంకలు పెట్టేవాడు. ముప్పై ఆరేళ్లొచ్చి, ఆఫీసులో నలుగురి మీద అజమాయిషీ చేసే ప్రతాప్‌కు తండ్రి గొంతు వినబడితే చేతిలో ఇడ్లీ నోటిదాకా వెళ్లేది కాదు. “ముందు ఒళ్లు వినాలమ్మా. బుర్ర తర్వాత ఆలోచించుకుంటుంది,” అనేవాడు పెద్దాయన గర్వంగా. వింటే నీరజకు ఒళ్లు మండిపోయేది.

ప్రతాప్ పోయిన రోజు నుంచి ఆ ఇంట్లో విజిలు మోగలేదు. ఆయన గొంతు కూడా ఆ రోజే బొంగురుపోయింది. ఎవరూ చూడకుండా ఎంత ఏడ్చాడోనని ఊరంతా జాలిపడింది. కబురు తెచ్చినవాళ్లకు మాత్రం ఆయన కంట చుక్క కనబడలేదు. పెరట్లో సైకిలు తుడుస్తున్నాడు. కబురు విన్నాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

సారా వచ్చి తాతయ్య కుర్చీ చెయ్యి పట్టుకుంది.

“నాన్న అమ్మ మీద కోపంతో చచ్చిపోయాడా తాతయ్యా?”

ఆయన మొలతాడుకున్న తాళంచెవి విప్పి నీరజకు అందించాడు.

“కూటానికి వాడి బైబిలు కావాలిగా. నా పెట్టెలో ఉంది, తీసుకో.”

ఇన్నేళ్లలో ఆ పెట్టె ఎవరినీ ముట్టనివ్వలేదు ఆయన. నీరజ గదిలోకి వెళ్లి మూత తెరిచింది. పైన బైబిలు. దాని కింద గీత గీసినట్టు మడతపెట్టిన పాత యూనిఫారం. ఆ మడతల మధ్య ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే మూడు గిన్నెల క్యారేజీ. అద్దంలా తోమి ఉంది.

ముందు ఆమె ప్రాణం లేచొచ్చింది. నేను అబద్ధం చెప్పలేదు అనుకుంది. ఆ వెంటనే ఒళ్లు భగ్గుమంది. విసురుగా వసారాలోకి వచ్చి క్యారేజీని ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

“నలభై రోజులుగా లోకమంతా నన్ను హంతకురాలంటుంటే, ఇది దాచుకుని కూర్చున్నారా మామయ్యా? మీ విజిలు వద్దన్నందుకేనా ఈ కక్ష?”

సుజన చేతిలో సంచి జారింది. జ్ఞానానందం లేచాడు. మడమలు దగ్గరకు చేరాయి. చేతులు రెండూ పక్కలకు ఆనాయి.

“వాడు వెనక్కి రాలేదమ్మా. నేనే సైకిలేసుకుని క్యారేజీ పట్టుకెళ్లాను. నేను రైలు గేటు దగ్గరకెళ్లేసరికి వాడు పట్టాల మీదున్నాడు. అటునుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చేస్తోంది. వాడు తలొంచుకుని నడుస్తున్నాడు, చూళ్లేదు.”

“చూసి కూడా కేకెయ్యలేదా నాన్నా?” అంది సుజన.

“వేశాను. గొంతు చిరిగేలా వేశాను.”

“ఏమని వేశారు?” అంది నీరజ.

ఆయన సారా వైపు చూడలేక తల తిప్పుకున్నాడు.

“‘థమ్’ అన్నాను.”