చుక్కల నాట్లు

"మళ్ళా అన్నీ ఒక్క లైన్లనే వచ్చినయ్!"

నెట్ సెంటర్లో మానస గొంతు ఆమెకే గట్టిగా వినిపించింది. చటుక్కున తల వంచుకుంది. తెరమీద చుక్కలు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. రావలసింది త్రిభుజం. మొదటి వరుసలో ఒక చుక్క, రెండో వరుసలో రెండు, మూడో వరుసలో మూడు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాసుకు రమ్మన్న ప్రోగ్రాం అది.

పక్క కుర్చీలోంచి ఆమె హాస్టల్ రూమ్మేట్ భానుశ్రీ మొక్కజొన్న కంకి కొరుకుతూ తొంగి చూసింది.

"చుక్కలు కనిపిస్తున్నాయిగా, ఇంకేం కావాలే నీకు?"

"నవ్వకు భానూ. సోమవారం క్లాసుల ఇది చెప్పకపోతే నన్ను టైపింగ్ బ్యాచ్‌ల ఏస్తరు. టైపింగే అయితే సిద్దిపేటల నేర్సుకో అని మా బాపు తోల్కపోతడు."

భానుశ్రీ నవ్వడం ఆపింది.

అమీర్‌పేటలో వాళ్ళు చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో సి లాంగ్వేజ్ మొదలైన కొద్దిరోజులకే పాత సార్‌కి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆయన చోటికి కేదార్ సార్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వని ముఖం. బోర్డు మీద ప్రోగ్రాం రాసేవాడు, గబగబా చెరిపేసేవాడు. ఎవరు చెయ్యెత్తినా ఒకటే మాట: "డౌట్లు ఆన్‌లైన్లో పెట్టండి." సోమవారం డైరెక్టర్ చక్రపాణి గారు క్లాసుకొచ్చి కూర్చుంటారని చెప్పిన రోజు మాత్రం మాటిమాటికీ నుదురు తుడుచుకున్నాడు. ఆ గదిలో ఫ్యాన్ సరిగా తిరగదు.

తెలుగు మీడియంలో చదివిన మానస ఎలాగూ చెయ్యెత్తదు. అందుకే ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లోని డౌట్ల పేజీలో ‘పల్లె’ అనే పేరుతో, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి, తన ప్రోగ్రాం పెట్టింది.

"ఇక్కడ హోంవర్కులు చేసిపెట్టము" అని ఒకరు జవాబిచ్చారు. "నీకెందుకు సి, వెళ్ళి పొలం దున్నుకో" అని ఇంకొకరు. ఆమె లేచి వెళ్ళిపోబోతుంటే మూడో జవాబు వచ్చింది. పేరు ‘సాధకుడు’.

"ఇందులో బయటి లూప్ ఏం చేస్తోంది?"

లూప్ అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించేది అంటూ మానస మళ్ళీ కూర్చుని తనకు తెలిసింది రాసింది.

"మరి లోపలి లూప్ ఎందుకు? ఒకటి చాలదా?"

అదీ రాసింది.

"అర్థం కాలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి."

"ఏంటే ఈయన?" అంది భానుశ్రీ. "ఒక్క సమాధానమూ చెప్పడు, అడగడమే!"

"పెద్దోళ్ళు గట్లనే నేర్పుతరు. మా ఊరి బడిల లెక్కల సారు సుత గంతే. ఎంత అడిగినా చెప్పకపోతుండె, మాతోనే చెప్పిస్తుండె."

"అయితే హైటెక్ సిటీలో పెద్ద మేనేజరే అయ్యుంటాడు. పెళ్ళయిందో లేదో అడగవే!"

"జర సప్పుడు చెయ్యకు!"

చిన్నపిల్లాడికి చెప్పాలంటే ఎలా? మానస కళ్ళు మూసుకుంది. ఆమెకు తెలిసింది పొలం. మెల్లగా టైపు చేసింది.

"మా మూల మడి త్రికోణంగా ఉంటుంది సార్. అమ్మ వంగి నాట్లు వేస్తుంది. కొసన ఒక్క మొక్కే పడుతుంది. ఒక అడుగు వెనక్కి వేస్తే రెండు. ఇంకో అడుగు వేస్తే మూడు. వెనక్కి అడుగేయడం బయటి లూప్. వంగి నాటడం లోపలి లూప్."

మళ్ళీ జవాబు వచ్చింది.

"ఇప్పుడు బాగా అర్థమయింది. మరి మొక్కలన్నీ ఒకే వరుసలో ఎందుకు పడుతున్నాయి?"

మానస తెరకేసి చూస్తూ ఉండిపోయింది. నాటుతున్నది నిజమే, కానీ అడుగు వెనక్కి వేసిందెక్కడ? లైను మార్చమని ప్రోగ్రాంలో తను చెప్పనేలేదు! లోపలి లూప్ అయిపోయిన చోట ఆ ముక్క చేర్చి నడిపింది.

తెరమీద త్రిభుజం నిలబడింది. భానుశ్రీ కంకి వదిలేసి ఆమెను వాటేసుకుంది.

సోమవారం చక్రపాణి గారు వెనక బెంచీలో కూర్చున్నారు. "ఆ కిటికీ పక్క అమ్మాయిని చెప్పమనండి" అన్నారు.

మానస బోర్డు దగ్గరికి వెళ్ళింది. సుద్దముక్క పట్టుకుంది. ఒక గీత గీసి చెరిపేసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బాపు పెట్టె సర్దుతున్నట్టే అనిపించింది.

"కంగారు పడకండి" అన్నాడు కేదార్ సార్ నెమ్మదిగా. "చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి."

మానస తటాలున తలెత్తి చూసింది. అదే మాట!

భయం ఎటు పోయిందో తెలియదు. మూల మడి గీసింది. అమ్మను నాట్లకు దింపింది. అడుగు వెనక్కి వేయించింది. నాట్ల మాట వినగానే కేదార్ సార్ చేతిలో డస్టర్ కిందపడింది. ఆమె చెప్పడం ముగించేసరికి క్లాసంతా చప్పట్లు కొట్టింది.

"బాగుందయ్యా కేదార్!" అన్నారు చక్రపాణి గారు లేస్తూ. "పిల్లల చేతే చెప్పిస్తున్నావు. అమ్మాయీ, నువ్వీ బ్యాచ్‌లోనే ఉండు."

అందరూ వెళ్ళాక మానస తలుపు దగ్గర నిలబడింది.

"సార్... సాధకుడు మీరేనా?"

ఆయన వరండాలోకి ఒకసారి తొంగి చూసి తలూపాడు.

మానసకు కళ్ళు చెమ్మగిల్లాయి. "మీరు అట్ల అడగకపోతే నాకు వచ్చేది కాదు సార్. అన్నీ తెలిసి సుత ఏమీ తెల్వనట్టు ఎంత ఓపికగ అడిగిన్రు!"

కేదార్ సార్ తల గోక్కున్నాడు. సుద్దపొడి జుట్టుకంటింది. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు కనిపించింది. గొంతు బాగా తగ్గించాడు.

"రేపటి పాఠం నాకింకా అర్థం కాలేదు మేడమ్, సాయంత్రం ఆన్‌లైన్‌కి వస్తారా?"