దిగని మేష్టారు

ఒక్క టికెట్టు మీద ఇద్దరు ఊరంతా చూసి రావచ్చని టైపు మేష్టారు హోటలు గదిలో గడ్డం గీసుకుంటూ కనిపెట్టారు.

ముప్పై ఏళ్లు టైపు నేర్పి, ఇన్‌స్టిట్యూటు మూసేసి, మొదటిసారి భార్యను ఇంత పెద్ద నగరానికి తీసుకొచ్చారాయన. సిటీ టూరు బస్సుకు ఒకటే టికెట్టు కొని ఆవిడ చేతిలో పెట్టారు.

"మరి మీదో?"

"నాది నా జేబులో ఉందిలే," అన్నారు. జేబులో ఉన్నది దువ్వెన.

బస్సు ఎక్కేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. మేష్టారు గర్వంగా కిటికీ పక్కన కూర్చున్నారు. ఆ గర్వం పాత రాజభవనం గేటు దాకానే నిలిచింది. అక్కడ గైడమ్మాయి అందరినీ వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టింది.

"ఇరవై నాలుగు రావాలి, ఇరవై ఐదొస్తోందేంటి?" అంటూ మళ్లీ మొదలుపెట్టింది.

మేష్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. "అబ్బా, మోకాలు!" అని కుంటుకుంటూ వెనక్కి వచ్చి బస్సులో కూలబడ్డారు. ఈసారి లెక్క సరిపోయింది.

డ్రైవరు అద్దంలోంచి ఆయన్ని చూశాడు.

"తిరిగొచ్చేశారేం సార్?"

"మోకాలు నాయనా."

"రాజుగారి మంచం చూడకపోతే ఎలా సార్? బంగారు మంచమంట!"

"మంచం మా ఇంట్లోనూ ఉందిలే," అన్నారు మేష్టారు.

గంట తర్వాత భార్య వగరుస్తూ వచ్చింది. "ఏమండీ, రాణిగారి స్నానాల గది మన ఇల్లంత ఉంది! అందులో నాలుగు కాపురాలు పెట్టొచ్చు!"

తర్వాత టవరు. మేష్టారు మోకాలు పట్టుకుని సీట్లోనే ఉండిపోయారు.

"లిఫ్టుంది సార్, కాలితో పనే లేదు," అన్నాడు డ్రైవరు. "నలభై అంతస్తులు. అంత పైనుంచి చూస్తే మనిషికి జ్ఞానోదయం అవుతుందంటారు."

"నాకు కిందే బాగుంది."

"పోనీ, నీడన కాస్త నడిచి రండి. కాళ్లు పట్టేస్తాయి."

"వద్దన్నాను కదయ్యా!"

మేష్టారి గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి. వీడెందుకు ఇంతలా వెంటపడుతున్నాడు? కనిపెట్టేశాడు! ఎలాగైనా గేటు దాకా తోలి, గైడమ్మాయికి పట్టించాలని చూస్తున్నాడు.

అక్వేరియం దగ్గర ఆ అనుమానం కాస్తా నిశ్చయమైంది. డ్రైవరు పరుగున వెళ్లి, ఎవరిని బతిమాలాడో ఏమో, చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు.

"ఎక్కండి సార్. లోపల సొరచేప ఉందట. నేనే తోస్తాను."

మేష్టారు ముందు సీటు కడ్డీని రెండు చేతులా వాటేసుకున్నారు. డ్రైవరు ఒక వేలు విడదీస్తే ఇంకో వేలు బిగించారు. టైపు కొట్టిన వేళ్లు, అంత తేలిగ్గా ఊడి రావు. చివరికి డ్రైవరే ఆ కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు.

సాయంత్రం ఆఖరి మజిలీ, మ్యూజియం. అందరూ దిగారు, మేష్టారి భార్య తప్ప.

"నేనూ దిగనండీ. మీకు తోడుంటాను."

"అమ్మా, మీరైనా దిగండమ్మా!" డ్రైవరు రెండు చేతులూ జోడించాడు.

ఆవిడ పట్టించుకోలేదు. ఫోను తీసి భర్తకు ఫొటోలు చూపించింది. రాణి స్నానాల గదిలో ఆవిడ. టవరు మీద ఆవిడ. సొరచేప ముందు ఆవిడ.

"అన్నింట్లోనూ నేనొక్కదాన్నే ఉన్నాను, చూశారా? ఎవరో విధవరాలు ఊరు చూడ్డానికొచ్చినట్టుంది."

మేష్టారు ఆ ఫొటోలు మళ్లీ ఒకసారి చూశారు. ముప్పై ఏళ్లకి ఒకసారి బయల్దేరితే తను చూపించింది ఇదా? చటుక్కున లేచి నిలబడ్డారు.

"పద. గేటు దగ్గర ఆ అమ్మాయితో రెండు ముక్కలు మాట్లాడాలి. తర్వాత ఇద్దరం కలిసే చూద్దాం."

"మోకాలో?"

"తగ్గింది."

డ్రైవరు ముఖం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగింది. "వెళ్లండి సార్! తొందరేం లేదు, నిదానంగా చూసి రండి!" అంటూ తలుపు బార్లా తెరిచాడు.

ఆ తలుపులోంచి ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. వెనక ఇద్దరు పోలీసులు.

మేష్టారు రెండు చేతులూ పైకెత్తేశారు. "నాదే తప్పండీ! నాకు టికెట్టు లేదు. లెక్కలో దొరికిపోతానని పొద్దున్నుంచీ బస్సు దిగలేదు. మా ఆవిడకేం తెలీదు, ఆవిడది అసలు టికెట్టే!"

భార్య నోరెళ్లబెట్టింది. "అయితే ఆ మోకాలు..."

"శుభ్రంగా ఉందే!"

"ముందు గదికి పదండి, దాని సంగతి నేను చూస్తాను," అందావిడ.

ఇన్‌స్పెక్టరు మేష్టారిని పక్కకు జరిపి, సూటిగా వెళ్లి డ్రైవరు కాలరు పట్టుకున్నాడు.

డ్రైవరు ఆయన వంక కన్నెత్తి కూడా చూడలేదు. మేష్టారి వైపు తిరిగి ఏడుపు గొంతుతో అరిచాడు: "ఆ ముక్క పొద్దున్నే చెప్పొద్దా సార్! అసలు డ్రైవరు టీకి దిగాడు కదా, బస్సు ఎత్తుకుపోదామని ఎక్కితే మీరంతా వచ్చి కూర్చున్నారు; మీరొక్కరు దిగితే పారిపోదామని ఊరంతా తిప్పుతున్నాను... టికెట్టే కావాలంటే నేను కొనిపెట్టేవాణ్ణి కదా!"